కార్వాన్ టోలీ మసీదు: వరుసల లెక్కలో ఒక కట్టడం

మసీదు గురించి రాసేవారిలో ఎక్కువమంది మీనారుతో మొదలుపెట్టి గుమ్మటంతో ముగిస్తారు. దూరం నుంచి కనబడేవి అవే కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ రోజూ మసీదుకు వెళ్లే మనిషికి మీనారుతో పడే పని చాలా తక్కువ. అతనికి ముందు నీళ్లు కావాలి, తరువాత చెప్పులు విడవడానికి చోటు కావాలి, ఆపైన పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడేంత నేల కావాలి. ఆ నిలబడే వరుసను సఫ్ అంటారు. మసీదు పొడవు వెడల్పులను, స్తంభాల దూరాన్ని, వాకిలి వైశాల్యాన్ని, చివరికి ఆ వీధిలో ఎవరు ఎవరికి ఎంత దగ్గరగా బతుకుతారన్న సంగతిని కూడా నిర్ణయించేది ఈ వరుసేనని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. హైదరాబాదులో నేను తరచుగా వెళ్లే పాత మసీదుల్లో కార్వాన్‌లోని టోలీ మసీదు ఒకటి. ఈ మాట దాని మీద ఎంతవరకు నిలుస్తుందో చూద్దామని ఇది రాస్తున్నాను.

గోల్కొండ కోట నుంచి బయలుదేరి పురానాపుల్ మీదుగా చార్మినార్ చేరే పాత దారిలో కార్వాన్ వస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో మూసీ మీద ఆ వంతెన కట్టారు, 1591లో ఆయన కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా నదికి అవతల కొత్త నగరానికి పునాది వేశాడు. కోటకూ కొత్త నగరానికీ మధ్య సరుకుల బిడారులు దిగిన చోటే కార్వాన్. వజ్రాల వర్తకులు, బట్టల వర్తకులు, వారి గుమాస్తాలు, హమాలీలు, బండ్లవారు ఇక్కడ మసలేవారు. అటువంటి పేటలో అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మహల్దారుగా, అంటే రాజమహలు వ్యవహారాలు చూసే అధికారిగా పనిచేసిన మూసా ఖాన్ 1671లో ఈ మసీదు కట్టించాడు. మరుసటి ఏడే అబ్దుల్లా కుతుబ్ షా మరణించాడు. ఇంకో పదిహేనేళ్లకు, 1687లో, ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నాయి. అంటే కుతుబ్ షాహీ పనివారి చేయి బాగా తిరిగిన చివరి రోజుల కట్టడం ఇది. నగర స్థాపన నాటి మసీదుల్లో కనబడే నిరాడంబరత ఇందులో లేదు, గోడ ఖాళీగా ఉంటే తోచని పనితనం ఉంది.

దీనికి దమ్డీ మసీదు అని మరో పేరు ఉంది. మక్కా మసీదు నిర్మాణాన్ని పర్యవేక్షించిన మూసా ఖాన్‌కు, అక్కడ ఖర్చయ్యే ప్రతి రూపాయికి ఒక దమ్డీ చొప్పున ముట్టేదని, ఆ దమ్డీలన్నీ కూడబెట్టి ఈ మసీదు కట్టించాడని కార్వాన్‌లో ఇప్పటికీ చెబుతారు. దమ్డీ అంటే ఆనాటి చిల్లరలో కూడా అడుగున ఉండే నాణెం. ఇది చరిత్ర కంటే కథకే దగ్గరగా ఉంటుంది. కొలువులో ఆ స్థాయి మనిషికి వేరే రాబడి లేకుండా ఉండదు. అయినా ఇన్ని తరాలుగా ఈ కథ చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం ఊహించడం కష్టం కాదు. పేట మసీదు ఏదైనా నడిచేది చిల్లర డబ్బుతోనే. శుక్రవారం జుమా నమాజు అయ్యాక రేకు డబ్బా గలగలమంటూ వరుస వెంట చేతులు మారుతూ వస్తుంది, ఇప్పుడు దానికి తోడు గుమ్మం పక్కన క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతుంది. కరెంటు బిల్లు, మోటారు మరమ్మతు, ఇమామ్ జీతం, రంజాన్‌లో ఖర్జూరం, అన్నీ అందులోంచే రావాలి. నవాబు కట్టించినదైనా సరే, అది తమ చిల్లరతో నిలబడిందని చెప్పుకోవడం పేటవారికి ఇష్టం.

ఇక కట్టడం సంగతి. టోలీ మసీదుకు బయటికి కనబడే పెద్ద గుమ్మటం లేదు. మసీదు అనగానే గుమ్మటం గీసే అలవాటు ఉన్నవారికి ఇది లోటుగా తోచవచ్చు గానీ, కుతుబ్ షాహీలు బ్రహ్మాండమైన గుమ్మటాలను ఎక్కువగా సమాధుల మీదికే దాచుకున్నారు. ఇబ్రహీంబాగ్‌లోని వారి సమాధుల తోటలో ఒక్కసారి తిరిగితే ఈ తేడా తెలుస్తుంది. సమాధి చతురస్రం, దానికి నడుమ ఒక బిందువు ఉంటుంది, ఆ బిందువు మీద గుమ్మటం లేస్తుంది. మసీదుకు అటువంటి బిందువు లేదు. ఇమామ్ నిలబడే చోటు ఉంది గానీ అది పడమటి గోడకు ఆనుకుని ఉంటుంది, ఆయన వెనుక జనం అడ్డంగా బారులు తీరతారు. వరుస ఎంత పొడుగ్గా ఉంటే అంతమందికి మొదటి వరుసలో చోటు దొరుకుతుంది, మొదటి వరుసకు పుణ్యం ఎక్కువని నమ్మకం. అందుకే మసీదు హాలు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువగా ఉంటుంది. టోలీ మసీదు ముందు నిలబడితే మనకు ఎదురయ్యేది ఆ వెడల్పే. ఎత్తయిన అరుగు, దాని మీద అయిదు తోరణాలు, రెండు కొసలా రెండు మీనార్లు.

లోపలికి అడుగుపెడితే హాలు రెండు భాగాలు. బయటి హాలుకు అయిదు తోరణాలు, దాన్ని దాటి లోపలి హాలుకు మూడు. రెండూ బేసి సంఖ్యలు కావడం యాదృచ్ఛికం కాదు. ఇమామ్ నిలిచే గూడు, మెహ్రాబ్, గోడకు సరిగ్గా నడుమ ఉండాలి, ఆయనకు కుడివైపు ఎంతమందో ఎడమవైపూ అంతమంది ఉండాలి. సరిసంఖ్యలో తోరణాలు పెడితే నడిమధ్యకు స్తంభం వచ్చి మెహ్రాబ్‌ను మూసేస్తుంది. మక్కా మసీదు ముఖానికి కూడా అయిదు తోరణాలే. ఇక స్తంభాల సమస్య ఒకటుంది. రాతితో, సున్నంతో పెద్ద హాలు కట్టాలంటే నడుమ బరువైన ఆధారాలు తప్పవు, కానీ అందరూ కలిసి చేసే జమాత్ నమాజులో స్తంభాల నడుమ నిలబడి వరుసను ముక్కలు చేయడాన్ని పండితులు ఇష్టపడరు. కుతుబ్ షాహీ మేస్త్రీలు దీనికి చేసిన ఉపాయం తేలికైనది: ఆధారాలన్నిటినీ వరుసకు సమాంతరంగా ఒకే గీత మీదికి తెచ్చారు. వరుసలు ఆ గీతకు ముందో వెనుకో పడతాయి తప్ప దాని మీద పడవు. రెండు హాళ్ల మధ్య నడిచే మూడు తోరణాల గోడను చూసి, చీకటిగా ఉందని, తీసేస్తే విశాలంగా ఉండేదని ఒక కుర్రవాడు నా పక్కన అన్నాడు. అది తీసేస్తే పైకప్పు ఏమవుతుందో అలా ఉంచి, వరుసలు ఆధారాల మీద పడి ముక్కలు కాకుండా చూస్తున్నది ఆ గోడే.

బయటి అలంకారాన్ని గచ్చుపని అంటే చాలదు, గచ్చుతో చేసిన చెక్కడం అనాలి. కింద ఉన్నది మన దక్కను గట్టి రాయి, దాని మీద సన్నని పువ్వులు చెక్కడం కంటే పైన డంగు సున్నం పూసి, అది ఆరకముందే చెక్కడం సులువు. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం కలిపి వాడే పద్ధతి ఈ నేలమీద గుళ్లకూ ఇళ్లకూ కూడా ఉన్నదే. తోరణాల భుజాల మీద తామరపూల పతకాలు, చూరు కింద గుడి మండపాలను గుర్తుచేసే ఆనిక రాళ్లు, పైన చిన్న చిన్న తోరణాలతో అల్లిన పిట్టగోడ, మీనార్లను చుట్టుకుని తిరిగే వసారాలు, వాటి కొనన తామరరేకుల మీద కూర్చున్న ఉల్లిగడ్డ ఆకారపు శిఖరాలు, ఇవన్నీ ఆ పనితనమే. పారశీక నమూనాను తెలుగునేల పనివాడు తన చేతి అలవాటుతో మలిచాడని అనుకోవడానికి ఆ చూరు కింది ఆనికలను మించిన ఆధారం నాకు అక్కర్లేదు.

ఈ గచ్చుకు శత్రువులు ముగ్గురు: పగుళ్లలో మొలిచే రావి మొక్క, ఏటేటా పైపైన పూసే రంగు, సిమెంటు. మొదటిదాన్ని అందరూ గుర్తిస్తారు. రెండోది మంచి ఉద్దేశంతోనే వస్తుంది. పండుగకు మసీదు తెల్లగా మెరవాలని ఒక పూత వేస్తారు, అలా పూతల మీద పూతలు పడి తామరరేకుల అంచులు మొద్దుబారిపోతాయి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, దాని మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు దారి ఉండదు, అది గచ్చును లోపలి నుంచి ఉబ్బించి పెచ్చులుగా రాల్చేస్తుంది. నగరంలోని అనేక పాత మసీదుల్లో నేలనుంచి మోకాలి ఎత్తు వరకు రాలిపోయిన గోడలకు కారణం ఇదే. మసీదు కమిటీవారికి ఈ విషయం చెబితే వింటారు, కానీ డంగు సున్నం పనివారు దొరకడం కష్టం, సిమెంటు మేస్త్రీ ఫోను చేస్తే గంటలో వస్తాడు. చందా ఇచ్చేవారి మనస్తత్వం కూడా ఇందులో ఉంది. గోడలోని చెమ్మను ఆపడానికి ఇచ్చిన డబ్బు ఎవరికీ కనబడదు, ఏసీకి ఇచ్చిన డబ్బు ఏసీ మీద కనబడుతుంది. పాలరాయి పలకలు, రంగురంగుల సీలింగు, గోడంతా మెరిసే టైల్స్ ఇలాగే వస్తాయి. వేసవి మధ్యాహ్నం జుహర్ నమాజుకు వచ్చినవారు చల్లదనం కోరుకోవడంలో తప్పులేదు గానీ, రెండు మూడు అడుగుల మందం ఉన్న సున్నపు గోడను మించిన చల్లదనాన్ని టైల్స్ ఇవ్వలేవన్నది నా మాట.

నగరంలో ఈ నమూనాకు పూర్తిగా దూరమైన మసీదు చూడాలంటే బేగంపేట వెళ్లాలి. నిజాం కొలువులోని పాయిగా అనే పెద్ద ప్రభు కుటుంబానికి చెందిన ఇక్బాలుద్దౌలా స్పెయిన్‌లో కార్డోబాలోని పాత మసీదు కట్టడాన్ని చూసి వచ్చి మొదలుపెట్టిన మసీదు అది, ఆయన పోయాక 1906లో పూర్తయింది. స్పానిష్ మసీదు అనే పేరుతోనే జనానికి తెలుసు. మీనార్ల బదులు కోసుగా లేచిన శిఖరాలు ఉంటాయి, లోపల గుర్రపు లాడం ఆకారపు తోరణాలు. రూపం ఎంత మారినా, అందులోకి వెళ్లి నిలబడితే కాళ్లు వెతుక్కునేది అదే అడ్డగీతను.

ఈ అడ్డగీత ఏ దిక్కుకు ఉండాలన్నది మరో సంగతి. హైదరాబాదు నుంచి మక్కా సూటిగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 12, 13 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. పాతకాలపు మసీదుల్లో చాలావాటిని పడమరకే కట్టారు, దిక్కు మొత్తంగా సరిపోతే చాలన్న అభిప్రాయం కూడా పండితుల్లో ఉంది. ఇప్పుడు ఫోనులో ఖిబ్లాను, అంటే నమాజులో ముఖం తిప్పవలసిన మక్కా దిక్కును చూపే యాప్‌లు వచ్చాక కొన్ని మసీదుల్లో గోడ ఒకవైపు చూస్తుంటే కార్పెట్ మీది గీతలు మరోవైపు చూస్తుంటాయి. కొత్తగా కట్టేచోట చిక్కు మరో రకం. కొన్న స్థలం వీధికి అనుగుణంగా ఉంటుంది, హాలు ఖిబ్లాకు అనుగుణంగా తిరగాలి, మధ్యలో మూలల్లో త్రికోణపు ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కల్లోనే మెట్లు, అజాన్ పిలిచే మౌజన్ గది, చెప్పుల అరలు, శవాన్ని మోసే జనాజా డోలా పెట్టే చోటు, వీధివైపు ఒకటి రెండు ముల్గీలు, అంటే అద్దె దుకాణాలు ఇముడుతాయి. ఏ మసీదు పక్కనైనా దుకాణం గోడ వంకరగా ఉంటే అది మేస్త్రీ తప్పు కాకపోవచ్చు.

ముల్గీల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మతకార్యాలకు శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తిని వక్ఫ్ అంటారు, ఆ మాట వినగానే చాలామంది ఎకరాల భూములనే తలచుకుంటారు. పేట మసీదుకు వక్ఫ్ అంటే అత్తరు దుకాణం, దర్జీ కొట్టు, సైకిళ్ల మరమ్మతు షాపు. ఆ అద్దె మసీదుకు చెందుతుంది. ఎప్పుడో తాతల కాలంలో కుదిరిన అద్దె మనుమల కాలానికి కూడా అంతే ఉండడం, పెంచమంటే మొహమాటాలు అడ్డురావడం, కిరాయిదారు కూడా అదే మసీదులో మొదటి వరుసలో నిలబడడం, ఇవన్నీ కమిటీ సమావేశాల్లో తెగని చర్చలు. రాబడి చాలనప్పుడు మొదట తగ్గేది ఇమామ్, మౌజన్ల జీతమే. ఇమాములకు వేతనం ఇవ్వవలసిన బాధ్యత వక్ఫ్ బోర్డులపై ఉందని సుప్రీం కోర్టు 1993లో తీర్పు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఇమామ్, మౌజన్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి తాళం తీసి, అజాన్ ఇచ్చి, మోటారు వేసి, చాపలు దులిపి, రాత్రి ఇషా తరువాత అందరికంటే చివర తాళం వేసే మౌజన్ పనికి ఆ మొత్తం ఏపాటిదో వేరే చెప్పనక్కర్లేదు. వాన వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా, అయిదు పూటల్లో ఒక్క పూట కూడా వదలడానికి వీల్లేని ఉద్యోగం అది.

నీళ్ల ఏర్పాటులో ఒక లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. పెద్ద పాత మసీదుల వాకిలిలో హౌజు, అంటే నీటి తొట్టి ఉంటుంది, మక్కా మసీదులో ఇప్పటికీ ఉంది. ఇక్కడి ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ న్యాయం ప్రకారం నిలవ నీరు పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే దాన్ని పెద్ద నీరుగా లెక్కిస్తారు, అందులో వందలమంది వజూ చేసుకున్నా (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కున్నా), ఏదో కొంత మాలిన్యం పడినా, నీటి రంగు, రుచి, వాసన మారనంతవరకు అది శుద్ధమే. అంతకంటే చిన్న తొట్టికి ఈ వెసులుబాటు లేదు. కనుక పూర్వం హౌజు కొలతను నిర్ణయించింది అందం కాదు, పది మూరల ఆ సూత్రం. కుళాయిలు వచ్చాక ఆ అవసరం పోయింది, వాకిలి నడుమ చుట్టూ కూర్చుని కాళ్లు కడుక్కునే చోటు పోయి, గోడవైపు ముఖం పెట్టి బారుగా కూర్చునే చోటు వచ్చింది. శుభ్రత పెరిగింది, సందేహం లేదు. కానీ హౌజు చుట్టూ కూర్చున్నప్పుడు ఎదుటివాడి ముఖం కనబడేది, అతని బిడ్డ పరీక్ష సంగతి అడిగేవారు. కుళాయి ముందు కూర్చున్నవాడికి కనబడేది టైల్ మాత్రమే.

కాలం విషయంలో మసీదు రెండు గడియారాల మధ్య నడుస్తుంది. గోడ మీద అయిదు నమాజుల వేళలు చూపే బోర్డు ఉంటుంది, ఫజర్, జుహర్, అసర్, ఇషా జమాత్ వేళలను కమిటీ కొన్ని వారాలకు ఒకసారి మారుస్తుంది. మగ్రిబ్‌ను మాత్రం ఎవరూ మార్చలేరు, సూర్యుడు అస్తమించగానే నిలబడవలసిందే. హైదరాబాదులో అది నవంబరు చివర 5:40 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో వస్తుంది. సాయంత్రపు నమాజైన అసర్ దగ్గర మరో సూక్ష్మం ఉంది. మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలు అయ్యాక అసర్ మొదలవుతుందని హనఫీలు, ఒక్కంత అయితే చాలని మరో న్యాయ సంప్రదాయానికి చెందిన షాఫయీలు లెక్కిస్తారు. యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌లో షాఫయీ పద్ధతి నడుస్తుంది కాబట్టి అక్కడి అసర్ కార్వాన్ అసర్ కంటే ముందే అయిపోతుంది. ఒకే నగరంలో ఒకే నీడకు రెండు వేళలు. బార్కస్‌లో పని చూసుకుని తిరిగి వస్తే ఇక్కడ జమాత్ దొరుకుతుందని ఆటోవాళ్లు లెక్కవేసుకోవడం విన్నాను.

అసర్ తరువాత పిల్లలు వస్తారు. నేలమీద రెహల్ (పుస్తకం నిలిపే చెక్క పీట) పెట్టుకుని, టోపీ జారిపోతుంటే సర్దుకుంటూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ అక్షరాలు చదువుతారు. బోధించే ఆయనను హజ్రత్ అంటారు. "హజ్రత్, ఈరోజు సబక్ అయిపోయింది, పోవాల్నా?" అని ప్రతి అయిదు నిమిషాలకు ఒకడు అడుగుతాడు. నేను పుట్టి పెరిగిన గుంటూరు వైపు ఊళ్లో మా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం, మసీదు బంగళా పెంకుల ఇల్లు, మీనారు లేదు, మెహ్రాబ్ గూడు ఉంది కాబట్టి అది మసీదు. జుమా ప్రసంగమైన ఖుత్బా అరబీలో జరిగేది, దానికి ముందు చెప్పే బోధ, బయాన్, తెలుగులో. "మీ పక్కింటివాడు పస్తుంటే మీరు తిన్నది తిండి కాదు" అని సాయిబు గారు కోస్తా యాసలో అన్నప్పుడు పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్లు తలలూపేవారు. హైదరాబాదు వచ్చాక బయాన్ ఉర్దూలోకి మారింది, నా చెవి దానికి అలవాటుపడింది, కానీ దూదేకుల కుటుంబాల నుంచి వచ్చిన కొత్త కుర్రాళ్లు వెనుక వరుసల్లో అర్థం కాని ముఖాలతో కూర్చోవడం చూస్తే, నగరంలో తెలుగు బయాన్ జరిగే మసీదులు ఇంకా పెరగాలనిపిస్తుంది. మా ఊరి పెంకుల మసీదు ఇప్పుడు లేదు. శ్లాబు వచ్చింది, దాని మీద ఎక్కడో తయారై లారీలో వచ్చిన ఫైబరు గుమ్మటం ఆకుపచ్చగా కూర్చుంది. లోపల నిలబడినవారికి అది ఉన్నట్టు కూడా తెలియదు.

పేట జీవితంలో మసీదు పాత్ర అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది రెండు సందర్భాల్లో. మొదటిది చావు. మైకులో పేరు, ఇంటి గుర్తు, జనాజా నమాజు వేళ చెబుతారు. డోలా మసీదులోనే ఉంటుంది, స్నానం చేయించే బల్ల కూడా. జనాజా నమాజులో రుకూ (నడుము వంచడం) లేదు, సజ్దా (నుదురు నేలకు ఆనించడం) లేదు, నిలబడి చేసేదే. మామూలు నమాజులో సజ్దా కోసం వరుసకూ వరుసకూ మధ్య నాలుగడుగుల నేల కావాలి, జనాజాలో ఆ అవసరం లేదు కాబట్టి వరుసలు దగ్గరగా ముడుచుకుంటాయి, అదే వాకిలి రెట్టింపు జనాన్ని పట్టుకుంటుంది. కనీసం మూడు వరుసలు ఉండడం మంచిదంటారు, మనుషులు తక్కువగా ఉంటే ఉన్నవారినే మూడుగా విడదీస్తారు. కొందరు ఈ బాధ్యత నెరవేర్చితే అందరి మీదినుంచీ దిగిపోతుంది, ఎవరూ చేయకపోతే పేట మొత్తానికీ పాపం. అందుకే పోయినవాడు ఎవరో తెలియని ఆటో డ్రైవరు కూడా బండి ఆపి వచ్చి వరుసలో నిలబడతాడు.

రెండోది రంజాన్ చివరి పది రోజులు. ఎతెకాఫ్ పేరుతో ఎవరో ఒకరు మసీదులోనే ఉండిపోవాలి, పడమటి మూలన దుప్పటి తెర కట్టుకుని అక్కడే తిని, అక్కడే పడుకుని, ప్రార్థనలో గడపాలి. దీనికి కూడా అదే న్యాయం. మొహల్లా నుంచి ఒక్కరు కూర్చుంటే చాలు, ఒక్కరూ కూర్చోకపోతే లోపం మొహల్లా అంతటిదీ. రోజు కూలీలు ఎక్కువగా ఉండే పేటలో పది రోజుల సంపాదన వదులుకోగలిగినవాడు దొరకడం తేలిక కాదు. చివరికి ఎవరో ఒక విశ్రాంత ఉద్యోగి ఒప్పుకుంటాడు, అతనికి ఇఫ్తార్‌కూ తెల్లవారకముందు తినే సహరీకీ ఒక్కో ఇంటి నుంచి ఒక్కో పూట గిన్నెలు వస్తాయి. రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు తరావీహ్‌లో ఇరవై రకాతుల (నమాజు ఆవృత్తుల) పాటు, ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ దాన్ని చదువుతుంటే వెనుక వరుసల్లో నిద్రకు తూలే కుర్రాళ్లు, నమాజు ముగియగానే హలీం బట్టీ దగ్గర ఎంత చురుగ్గా ఉంటారో చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పిన వరుసలన్నీ మగవారివే. హైదరాబాదులో మహిళలకు వేరే ద్వారం, వజూ చోటు ఏర్పాటు చేసిన మసీదులు ఉన్నాయి, కానీ పేట మసీదుల్లో ఎక్కువవాటిలో లేవు. మహిళలు మసీదులో నమాజు చేయడానికి మతపరంగా అడ్డు లేదని అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు 2020లో సుప్రీం కోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో స్పష్టంగా చెప్పింది. అడ్డు న్యాయంలో లేదు, నక్షాలో ఉంది. రెండో అంతస్తు వేసేటప్పుడు దాన్ని ఫంక్షన్లకు అద్దెకు ఇవ్వాలా, పిల్లల తరగతులకు వాడాలా అని గంటలకొద్దీ చర్చించే కమిటీలు, బజారుకు వచ్చి నమాజు వేళకు చోటు లేక దుకాణం వెనుక గదిని అడిగి వాడుకునే ఆడవారి సంగతి అజెండాలోకి తీసుకురావు. ఒక వేరే మెట్లదారి, నాలుగు కుళాయిలు, రెండు వరుసల నేల చాలు. టోలీ మసీదు వంటి పాత కట్టడంలో కొత్తగా మెట్లు కట్టకూడదు, నిజమే. కానీ ఈ ఏడు పునాది తీస్తున్న మసీదుకు ఆ సాకు చెల్లదు.

ప్రస్తుతం మా కమిటీలను వేధిస్తున్నది కుర్చీ. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో కూర్చుని నమాజు చేయవచ్చు, అందులో వివాదం లేదు. పదిహేనేళ్ల క్రితం ఒకటో రెండో ఉండే ప్లాస్టిక్ కుర్చీలు ఇప్పుడు ప్రతి మసీదులోనూ బారు కడుతున్నాయి. కుర్చీ వెనుక కాళ్లను వరుస గీత మీద పెడితే కూర్చున్నవాడి భుజం పక్కవాడి భుజానికి సరిపోతుంది, కానీ నిలబడినప్పుడు అతను ముందుకు వచ్చేస్తాడు. ముందు కాళ్లను గీత మీద పెడితే వెనుక వరుసవాడి సజ్దా కుర్చీ కాళ్లకు తగులుతుంది. పూర్తిగా కూర్చునే నమాజు చేసేవారు వెనుక కాళ్లను గీతకు కలపాలని, లేచి నిలబడగలిగినవారు నిలబడ్డప్పుడు మడమలు గీతకు సరిపోయేలా చూసుకోవాలని హజ్రత్ చెబుతారు. కొన్ని మసీదుల్లో కుర్చీలన్నీ వరుస కొసలకు చేర్చారు. ఇంకొన్నిటిలో చివరి వరుస మొత్తం కుర్చీలకే వదిలారు, అప్పుడు నలభై ఏళ్లుగా మొదటి వరుసలో నిలబడిన పెద్దాయన వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోడు. పోయిన జుమా నాడు బయటి హాలులో అటువంటి పెద్దాయన ఒకరు కుర్చీని తనే ఎత్తుకొచ్చి, నడిమి తోరణం పక్కన, ఆధారానికి ఆనించి వేసుకున్నారు. ఆధారాల గీత మీద ఎలాగూ వరుస పడదు కాబట్టి ఎవరికీ అడ్డు రాలేదు. మౌజన్ సాబ్ వచ్చి చూసి, ఇంకో రెండు కుర్చీలు తెచ్చి మిగతా ఆధారాల పక్కన కూడా వేశారు.